చూడ్డానికి వెళ్ళలేదు, చాకిరీకి వెళ్ళాం

"కొరియా చూసొచ్చారటగా వదినా, ఎలా ఉంది?"

తిరిగొచ్చిన వారం పదిరోజుల దాకా మా వీధిలో ఎదురైన ప్రతివాళ్ళూ అడిగిన మాట ఇది. "బాగుంది" అని నవ్వేదాన్ని. అయిదోసారో ఆరోసారో అడిగేసరికి నాకే సందేహం వచ్చింది. అసలు నేనేం చూశాను?

2024 మార్చిలో మా అమ్మాయి కాన్పు కోసం నేనూ మా ఆయనా దక్షిణ కొరియాలోని సువాన్ నగరానికి వెళ్ళాం. మా అల్లుడు అక్కడ ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. అమ్మాయి ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. మాకు దొరికింది సందర్శకుల వీసా. దానిమీద 90 రోజులకు మించి ఉండకూడదు. 88 రోజులుండి వచ్చాం. ఆ 88 రోజుల్లో మా ఆయన సువాన్‌లోని హ్వాసాంగ్ కోట గోడ మీద చుట్టూ నడిచారు. సియోల్ వెళ్ళి గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజభవనం చూశారు. చెర్రీ చెట్లు పూసినప్పుడు రెండువందల పైచిలుకు ఫొటోలు తీశారు. వాటిలో నేనున్నవి పదకొండు. ఆ పదకొండులో తొమ్మిది వంటింట్లో తీసినవే.

నేను చూసిన కొరియా ఇది: ఒక వంటగది, ఒక బట్టలుతికే మెషీను, ఒక ఉయ్యాల, పదిహేడో అంతస్తు కిటికీలోంచి ఎదురుగా కనిపించే మరో వంద కిటికీలు. ఆ ఇంటి తలుపుకు తాళంచెవి లేదు, అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. ఆ అంకెలు మా ఆయనకు మొదటిరోజే చెప్పారు, ఆయన బయటికి వెళ్ళివస్తుంటారు కనక. నాకు ఇరవయ్యో రోజున తెలిశాయి. ఎవరూ కావాలని దాచలేదు. నేను ఒంటరిగా బయటికి వెళ్తానన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, నాకూ రాలేదు.

ఈ పత్రిక చదివే మీలో చాలామంది నాలాగే శిక్షణా తరగతులు నడిపేవాళ్ళు. సంఘం ఆడవాళ్ళను నేలమీద కూచోబెట్టి 24 గంటల గడియారం గీయిస్తాం. తెల్లారుజామున లేచింది మొదలు పడుకునేదాకా ఏ గంటలో ఏం చేశారో పెట్టించి, పక్కనే మగవాళ్ళ గడియారం గీయించి, రెండూ పోల్చి చూడమంటాం. ఇరవై ఏళ్ళుగా నేను గీయిస్తున్న గడియారం ఇది. సువాన్‌లో ఒకరోజు బిడ్డ గుడ్డల అట్టపెట్టె వెనక నా గడియారం నేనే గీసుకున్నాను. బాలింతకు పథ్యం వంట, మిగతావాళ్ళకు వేరే వంట, బిడ్డకు నూనె రాయడం, నీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ వెయ్యడం (పొగ అలారం మోగుతుందని అదీ భయం భయంగానే), అమ్మాయికి నడుం కట్టడం, గుడ్డలు, గిన్నెలు, మళ్ళీ వంట. రాత్రి లేవడాలు వదిలేసి లెక్కేస్తేనే పది గంటలు తేలింది. పక్కనే మా ఆయన గడియారం గీశాను. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆడించడం ముప్పావుగంట. మిగతాదంతా మీరు ఊహించగలరు.

ఇద్దరికీ ఒకే వీసా, ఒకే విమానం. ప్రయాణాలు మాత్రం రెండు.

ఎవరి సెలవు ఎవరు పూడ్చారు?

నా అనుభవం ప్రత్యేకమైనదేమీ కాదు. అక్కడ కలిసిన తెలుగు కుటుంబాల్లో అందరిదీ ఇదే కథ. మొదటి 90 రోజులు అమ్మాయి తల్లి, ఆ తర్వాతి 90 రోజులు అబ్బాయి తల్లి. వంతులు వేసుకుని విమానాలెక్కుతారు. పెట్టెల్లో కాయం, శొంఠి, వెల్లుల్లి కారం, కందిపొడి. ఎవరిదైనా మోకాలో నడుమో మొరాయిస్తే, "నువ్వు కాస్త ముందు బయల్దేరగలవా?" అని రెండో తల్లికి ఫోను. అమెరికాకు ఆరేసి నెలల లెక్కన వెళ్ళివచ్చే అమ్మమ్మలనూ నాయనమ్మలనూ మనం చూస్తూనే ఉన్నాం. దేశం పేరు మారింది, గడువు తగ్గింది, అంతే.

దీన్ని ఆడవాళ్ళ ఆచారం అంటారు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి, కూతురు రాలేకపోతే పుట్టిల్లే కదిలి వెళ్ళింది అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ పుట్టింటి కాన్పుకు పిన్నమ్మా, మేనత్తా, పక్కింటావిడా, మంత్రసానీ ఉండేవాళ్ళు. పదిమంది పంచుకున్న పని అది. పదిహేడో అంతస్తులో ఆ పదిమంది పనీ ఒక్క అరవయ్యేళ్ళ ఆడమనిషి చేస్తోంది.

సరే, ఆ ఇంట్లో పని పంచుకోవలసిన ఇంకో మనిషి ఉన్నాడు కదా! బిడ్డ తండ్రి. కొరియా చట్టం ప్రకారం భార్య కాన్పుకు భర్తకు 2024లో 10 రోజుల సెలవు ఉండేది. 2025 ఫిబ్రవరి నుంచి దాన్ని 20 రోజులు చేశారు. అది కాక, 2024లో బిడ్డను పెంచడానికి తల్లికీ తండ్రికీ విడివిడిగా ఏడాది దాకా సెలవు అడిగే హక్కుండేది. మా అల్లుడు ఆ పదిలో అయిదు వాడుకున్నాడు. మంచివాడే. రాత్రి వచ్చి గిన్నెలు తోమేవాడు, "మీరు కూచోండి అత్తయ్యగారూ" అనేవాడు. పెంపకం సెలవు అడగలేదా బాబూ అంటే, ఆఫీసులో ఎలా అనుకుంటారోనన్నాడు. తర్వాత తలొంచుకుని ఇంకోమాట చెప్పాడు. "మా టీమ్‌లో అడిగారు అత్తయ్యగారూ, సెలవు పెడతావా అని. మీరు వస్తున్నారుగా, అక్కర్లేదన్నాను."

ఆ మాట దగ్గర ఆగుదాం. నేను వస్తున్నాను కాబట్టి ఆయన సెలవు పెట్టలేదు. ఆయన సెలవు పెట్టలేదు కాబట్టి కంపెనీ పని ఆగలేదు. అంటే నా 88 రోజులూ ఎవరి ఖాతాలో జమ అయినట్టు? నా కూతురికి కాస్త విశ్రాంతి దొరికింది, నిజమే. కానీ అసలు లాభం నా పేరు కూడా తెలియని ఒక కంపెనీకి వెళ్ళింది. నా విమానం ఖర్చు మేం పెట్టుకున్నాం, నా మందులు నేనే తెచ్చుకున్నాను. ఇంత చవకైన శ్రామికురాలు ఏ కంపెనీకి దొరుకుతుంది?

లెక్కలంటే మనకు భయం లేదు కదా, వేసి చూద్దాం. 2024లో కొరియా కనీస వేతనం గంటకు 9,860 వోన్లు. రోజుకు పది గంటల చొప్పున 88 రోజులకు 86 లక్షల 76 వేల 800 వోన్లు. మన డబ్బులో అయిదు లక్షల రూపాయలకు పైనే. ఇది నా కూతురు నాకు బాకీ ఉన్న డబ్బు అనడం లేదు. ఎవరో ఎగ్గొట్టిన డబ్బు అంటున్నాను.

మనవల జబ్బు

రెండో నెలలో నా కుడి మణికట్టు వాచింది. బిడ్డను ఎత్తి దించి, ఎత్తి దించి. మేం కట్టుకుని వెళ్ళిన ప్రయాణ బీమా వాళ్ళు ఇది ప్రమాదం కాదు, వయసు వల్ల వచ్చిన అరుగుదల కాబట్టి వర్తించదన్నారు. ఆస్పత్రికి వెళ్తే పూర్తి ఖర్చు మనదే. "పోనీలే, ఊరెళ్ళాక చూపించుకుంటా"నన్నాను. ఒంటికి ఏమొచ్చినా ఊరెళ్ళేదాకా ఆగమని చెప్పుకోవడం మనకు అలవాటేగా!

కొరియాలో దీనికి ఒక పేరే ఉందని తర్వాత తెలిసింది. సోంజు ప్యోంగ్ అంటారట. మనవల జబ్బు అని అర్థం. అక్కడి నాయనమ్మలకూ అమ్మమ్మలకూ బిడ్డల్ని ఎత్తడం వల్ల వచ్చే మణికట్టు నొప్పి, నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి. ముసలితనంలో మనవల్ని పెంచడానికి కూడా వాళ్ళకు ఒక మాట ఉంది, సంధ్యవేళ పెంపకం అనే అర్థంలో. జబ్బుకు పేరు పెట్టేదాకా వచ్చిందంటే ఆ దేశంలో ఎంతమంది పెద్దవయసు ఆడవాళ్ళ నడుముల మీద పిల్లల పెంపకం నడుస్తోందో అర్థం చేసుకోవచ్చు. ప్రపంచంలో కెల్లా తక్కువ జననాల రేటు ఉన్న దేశాల్లో కొరియా ఒకటి. ఒక్కో స్త్రీకి సగటున 2023లో 0.72, 2024లో 0.75. ప్రభుత్వం డబ్బు కుమ్మరిస్తోంది, పిల్లల్ని కనండి కనండి అని బతిమాలుతోంది. కన్న పిల్లల్ని ఎవరు పెంచుతారన్న ప్రశ్నకు మాత్రం చాలా ఇళ్ళలో జవాబు ఒక ముసలావిడే.

అయితే అక్కడ ఒక మార్పు వచ్చింది. 2023 సెప్టెంబరు నుంచి సియోల్ నగరపాలన రెండేళ్ళు నిండిన పసిపిల్లల్ని చూసుకునే అమ్మమ్మ, తాత వంటి దగ్గరి బంధువుల కోసం నెలకు మూడు లక్షల వోన్లు ఇస్తోంది. కనీసం 40 గంటలు చూడాలి, కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంది. 2024లో గ్యోంగి రాష్ట్రమూ ఇలాంటి పథకం మొదలుపెట్టింది. మూడు లక్షల్ని నలభైతో భాగిస్తే గంటకు 7,500 వోన్లు. కనీస వేతనం కంటే తక్కువే. అయినా సరే, ఒక ప్రభుత్వం "ఇది పని" అని కాగితం మీద రాసింది. దాన్ని చిన్నచూపు చూడను.

కానీ అదే ప్రభుత్వాలు, అదే పని చేసే పరాయిదేశపు అమ్మమ్మ విషయంలో ఏం రాశాయి? మేం అక్కడున్నప్పుడే, 2024 ఏప్రిల్ 3 నుంచి, ఆరోగ్య బీమా నిబంధన మారింది. విదేశీ ఉద్యోగి మీద ఆధారపడిన భార్యకు లేదా భర్తకు, మైనరు పిల్లలకు వెంటనే బీమా వర్తిస్తుంది. తల్లిదండ్రులైతే ఆరునెలలు దేశంలో ఉన్నాకే. వైద్యం కోసమే వచ్చి బీమా వాడుకుని వెళ్ళిపోతున్నారన్నది వాళ్ళు చెప్పిన కారణం. 90 రోజుల వీసా మీద వచ్చినవాళ్ళకు ఆరునెలలు ఎప్పటికి నిండుతాయి? మేం తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళమట! ఇచ్చి వచ్చినదాని లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

పార్కులో ఇంకో అమ్మమ్మ

తలుపు అంకెలు తెలిశాక సాయంత్రాలు బిడ్డను బండిలో వేసుకుని కింద పార్కుకు వెళ్ళేదాన్ని. అక్కడ ఇంకో ఆవిడ కనిపించేది. నా వయసే. చేతిలో రెండేళ్ళ మనవడు. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నాది రాదు, ఇద్దరికీ కొరియా భాష రాదు. వేళ్ళతో నెలలు చెప్పుకున్నాం, మణికట్లు చూపించుకున్నాం. ఒకరోజు కొరియా భాష వచ్చిన మన తెలుగు విద్యార్థిని ఒకమ్మాయి నాతో ఉంది, ఆవిడ కూతురూ వచ్చింది. అప్పుడు తెలిసింది, ఆవిడది వియత్నాం. కూతురు కొరియా రైతు కుటుంబపు అబ్బాయిని పెళ్ళిచేసుకుని వచ్చి, ఇప్పుడు ఒక హోటల్లో పనిచేస్తోంది. ఆవిడ వచ్చి మూడేళ్ళయింది.

పెళ్ళిచేసుకుని వచ్చిన విదేశీ స్త్రీల తల్లిదండ్రులకు కొరియా ఒక ప్రత్యేక వీసా ఇస్తుంది. కాన్పుకు, పిల్లల పెంపకానికి సాయం చెయ్యడానికి. నాలా మూడు నెలలు కాదు, పొడిగించుకుంటూ కొన్నేళ్ళు ఉండవచ్చు. కానీ ఆ వీసా మీద అనుమతి లేకుండా కూలికి వెళ్తే నేరం. పిల్లవాడిని పెంచడానికే పిలిచిన ప్రభుత్వం, ఆ పెంపకాన్ని మాత్రం పనిగా చూడదు. ఊళ్ళో జబ్బుమనిషైన భర్తకు మందుల డబ్బు పంపాలంటే ఆవిడ ఏ పొలంలోనో దొంగచాటుగా ఆకు కొయ్యాలి. పట్టుబడితే పంపించేస్తారు. "మీ ఇంటి దగ్గర మీ కొడుకు పిల్లల్ని ఎవరు చూస్తున్నారు?" అని అడిగించాను. "వాళ్ళమ్మమ్మ" అంది. ఒక అమ్మమ్మ లోటును ఇంకో అమ్మమ్మ పూడుస్తుంది. గొలుసు ఎక్కడిదాకా పోతుందో మీరే చూడండి.

ఇంకో సంగతి ఆ విద్యార్థిని చెప్పింది. కొరియా భాషలో తల్లి తల్లిని వే-హల్మొని అంటారు. ‘వే’ అంటే బయట. బయటి అమ్మమ్మ! వియత్నాం భాషలోనూ అంతే, అక్కడి మాటలోనూ ‘బయట’ ఉంది. కొరియా స్త్రీలు దశాబ్దాలు పోరాడి, ఇంటికి మగవాడే పెద్ద అనే కుటుంబ పెద్ద చట్టాన్ని కూల్చారు. 2005లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అది రాజ్యాంగ విరుద్ధమంది, 2008 జనవరి 1 నుంచి అది పోయింది. చట్టం పోయినా మాట మిగిలింది. మనం గర్వపడక్కర్లేదు. మన అమ్మమ్మ అన్న మాటలో ‘బయట’ లేదు కానీ, "ఆడపిల్ల ఆడపిల్లే గానీ ఈడపిల్ల కాదు" అనే సామెత మన ఇళ్ళలోనిదే. వంశం లెక్కలో బయటివాళ్ళం, చాకిరీ లెక్కలో మాత్రం మొదటివాళ్ళం.

2024 ఆగస్టులో సియోల్ ఇళ్ళలో పిల్లల్ని చూసుకోవడానికి ఫిలిప్పీన్స్ నుంచి వందమంది స్త్రీలను తీసుకొచ్చారు. వాళ్ళకు కనీస వేతనం ఇవ్వవలసి రావడంతో ఖర్చెక్కువైందని గోల మొదలైంది. 2025 మార్చిలో సియోల్ పాలకులూ న్యాయశాఖా కలిసి ఇంకో ప్రయోగం ప్రకటించారు. ఇప్పటికే దేశంలో ఉన్న విదేశీ విద్యార్థులూ, విదేశీ కార్మికుల భార్యలూ, పెళ్ళి మీద వచ్చిన స్త్రీల తల్లిదండ్రులూ ఇళ్ళలో పనికి కుదరవచ్చట. ఇంటివాళ్ళు నేరుగా కుదుర్చుకున్న పనిమనిషికి అక్కడి కార్మిక చట్టమూ వర్తించదు, కనీస వేతన చట్టమూ వర్తించదు. కార్మిక సంఘాలూ స్త్రీల సంఘాలూ దీన్ని ఎండగట్టాయి. ఎందుకో చెప్పాలా? అన్నేళ్ళు ఆ అమ్మమ్మకు "నువ్వు పని చెయ్యకూడదు" అన్నవాళ్ళు, తీరా ఒక తలుపు తెరిచారు. ఆ తలుపు వెనకా వంటిల్లే, అదీ కనీస వేతనం లేకుండా!

"ప్రేమకు లెక్కలేమిటి?"

ఇదంతా చెబితే మన మిత్రులే ముఖం చిట్లిస్తారు. "కన్నకూతురి కాన్పుకు వెళ్ళి గంటలు లెక్కపెట్టావా?" అని ఒకావిడ నిలదీసింది.

పెట్టాను. ఆ పసివాడు నా వేలు పట్టుకుని నిద్రపోయిన గంటల్ని మాత్రం లెక్కలో వెయ్యలేదు. అవి నావి. ఎవరు ఎంతిచ్చినా అమ్మను. కానీ నేను ప్రేమతో చేశాను కాబట్టి అది పని కాకుండా పోదు. ఇంటిచాకిరీ గురించి ఊరూరా మనం చెప్పేది ఇదే కదా? భార్య విషయంలో చెప్పింది, కోడలి విషయంలో చెప్పింది, అమ్మమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు గొంతు తగ్గిస్తాం?

"కూతుళ్ళ చదువులూ ఉద్యోగాలూ నిలబడాలంటే తల్లులు ఆసరా అవ్వొద్దా?" అన్నది రెండో ప్రశ్న. ఇది నిజమైన ప్రశ్న. నేను వెళ్ళకపోతే నా కూతురి పరిశోధన ఆగిపోయేది. కొరియాలో బాలింతల సంరక్షణ కేంద్రాలుంటాయి, ఎక్కువమంది తల్లులు కాన్పయ్యాక రెండు వారాలు అక్కడే ఉంటారు. వాటికి లక్షల వోన్లు పొయ్యాలి. వాటిలో పెట్టే సముద్రపు నాచు చారు అమ్మాయికి మింగుడుపడదు. అందుకే వెళ్ళాను, మళ్ళీ అవసరమైతే మళ్ళీ వెళ్తాను. కానీ ఒక తరం స్త్రీ నిలబడడానికి ఇంకో తరం స్త్రీ వంగాలన్నది ఎవరు పెట్టిన నియమం? తల్లికీ కూతురికీ మధ్య తగువు పెట్టడం నా ఉద్దేశం కాదు. వెళ్ళేముందు రాత్రి నా మణికట్టుకు నూనె రాస్తూ, "నిన్ను పనిమనిషిని చేశానమ్మా" అని అది ఏడ్చింది. "నువ్వు చెయ్యలేదే" అన్నాను. నిజంగానే అది చెయ్యలేదు. మేమిద్దరం ఏడుస్తున్న గదికి బయట, టీవీ ముందు కూచున్న ఇద్దరు మగవాళ్ళకు తమ వాటా ఏమిటన్న ప్రశ్న ఆ 88 రోజుల్లో ఒక్కసారైనా రాలేదు. అదీ నా బాధ.

ఏం అడుగుదాం?

బాధ చెప్పుకుని ఊరుకోవడానికి ఇది రాయలేదు. మన సంఘాలు చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి. ఇంటిపని మీద మనం చేసే సర్వేల్లో, గడియారాల్లో అమ్మమ్మ, నాయనమ్మలకు వేరే గడి పెడదాం. "పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చాను" అన్న స్త్రీని "అక్కడేం చేశావు?" అని అడుగుదాం.

రెండు. వెళ్ళేముందు కుటుంబంలో కూచుని మాట్లాడుకునే పద్ధతి తెద్దాం. ఎన్ని రోజులు, ఏ పని ఎవరిది, వారంలో ఏ రోజు సెలవు. పాస్‌పోర్టు తన దగ్గరే ఉండాలి. చేతిలో సొంత డబ్బుండాలి. తలుపు అంకెలు మొదటిరోజే తెలియాలి. వెంట వచ్చిన తాతగారికి కూడా వంట వంతుండాలి. చేతకాకపోతే రాననే హక్కు ఆమెకుండాలి, ఆ మాటకు ఎవరూ ముఖం మాడ్చుకోకూడదు.

మూడు. తండ్రుల సెలవు చట్టంలో ఉంటే చాలదు, వాడుకోవాలి. మన కొడుకుల్ని, అల్లుళ్ళని ఈ విషయంలో గట్టిగా అడుగుదాం. అత్తగారు వస్తోంది కనక సెలవు అక్కర్లేదనే మాట చెల్లదని చెబుదాం.

నాలుగు. పిల్లల పెంపకానికని పిలిచి వీసా ఇచ్చే ఏ దేశమైనా, ఆ వచ్చిన మనిషి ఆరోగ్యానికి మొదటిరోజు నుంచీ బాధ్యత వహించాలి. మన ప్రభుత్వం విదేశాల్లోని మన ఉద్యోగుల గురించి ఒప్పందాలు చేసుకునేటప్పుడు ఈ మాట ఎత్తాలి. ఇంటిపని కార్మికుల హక్కులపై 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడికను కొరియా ఆమోదించలేదు, మన దేశమూ ఆమోదించలేదు. పొరుగింటివాళ్ళని అడిగేముందు మన ఇంటివాళ్ళనీ అడగాలి.

మా అమ్మాయి ఈమధ్య ఫోను చేసింది. రెండో కాన్పు మాట ఎత్తింది. "అమ్మా, ఈసారి ఆయన పెంపకం సెలవు పెడతానన్నాడు. అది మంజూరయ్యాకే నీకు టిక్కెట్టు కొంటాను" అంది. నమ్మకం సగమే. కానీ ఆ మాట ఆ ఇంట్లో పుట్టింది, అది చాలు ఇప్పటికి.

ఈసారి వెళ్తే కోట గోడ మీద నేనూ నడుస్తాను. మా ఆయన పప్పు ఉడకబెడతారు. అప్పుడు మా వీధిలో ఎవరైనా "కొరియా చూసొచ్చారా వదినా?" అంటే, చూశానని చెబుతాను.